నాలుగో కాలిని చూడండి: గుర్రపు స్వారీపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర మామిడి తోట. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకు తిప్పే ఒకరి వద్ద ఎనిమిది నెలల క్రితం ఏడేళ్ల ఆడగుర్రాన్ని కొన్నాను. చెవుల కొనలు లోపలికి తిరిగి ఉండడం చూసి మార్వాడీ పోలిక అని చెప్పారు. గౌరి అని పిలుచుకుంటున్నాం. కట్టేసిన చోట పిల్లలు వెళ్లి నిమిరినా ఏమీ అనదు. కళ్లెం చూపిస్తే మాత్రం తల పైకెత్తేస్తుంది, కడుపు కింది పట్టీ బిగిస్తే వెనక్కి తిరిగి కొరకబోతుంది, ఎక్కి కూర్చున్నాక తోట గేటు దాకా నడిచి అక్కడ మొరాయిస్తుంది. మడమలతో పొడిస్తే ఉన్నచోటనే గంతులు వేస్తుంది, బెత్తం తగిలిస్తే ముందు కాళ్లు పైకెత్తుతుంది. “రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది, నువ్వు మెత్తబడ్డావు” అని మా పెదనాన్న అంటున్నారు. గుర్రాలను ఎరిగిన ఒకాయన ముళ్ల కళ్లెం వేస్తే రెండు రోజుల్లో దారికొస్తుందని చెప్పారు. నన్ను ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, చంద్రగిరి)

సమాధానం: ముందుగా ముళ్ల కళ్లెం సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ జాబు అచ్చయ్యే లోపే అది మీ ఇంటికి వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని వేయవద్దు. గుర్రానికి ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఒకటి ఉంటుంది, కళ్లెం ఇనుము ఆనేది అక్కడే. అక్కడ ఎముక మీద పలుచని చిగురు తప్ప మరే మెత్తదనమూ లేదు. ఆ చిగురు మీద ముళ్లు నొక్కుకుంటే గుర్రం ఆగుతుంది, నిజమే, కానీ అది ఆగింది మీ మాట అర్థమై కాదు, నోరు చిట్లుతుందన్న భయంతో. బండ్లు లాగే, బరువులు మోసే పశువుల పట్ల క్రూరత్వాన్ని నివారించడానికి 1965లో కేంద్రం చేసిన నియమాలు ముళ్లున్న కళ్లేలను నిషేధించాయి కూడా. మీ గౌరి కళ్లెం కనబడగానే తల ఎత్తేస్తోందంటే, పాత యజమాని దగ్గర అలాంటి ఇనుము రుచి చూసి ఉంటుందని నాకు అనుమానంగా ఉంది. పగటి వెలుతురులో పెదవి మూల పైకెత్తి చూడండి, పాత మచ్చలు తెల్లగా గీతల్లా కనిపించవచ్చు.

ఇక మీ పెదనాన్న గారు చెప్పిన సామెత. అందులో నిజం లేకపోలేదు. ఎటు పోవాలో తనకే తేలని రౌతు కింద ఏ గుర్రమూ కుదురుగా నడవదు. అయితే ఇన్నేళ్లు పశువైద్యం చేసిన వాడిగా ఆ మాట వినగానే నా చూపు రౌతు మీదికి పోదు, గుర్రం ఎత్తిపట్టుకున్న ఆ నాలుగో కాలి మీదికి పోతుంది. మూడు కాళ్ల మీద నడిచే గుర్రానికి నాలుగో కాలు నొప్పిగా ఉండి ఉండవచ్చు కదా. మొరాయింపు అని మనం పేరు పెట్టిన వాటిలో ఎన్నో నిజానికి నొప్పులే.

ఈ మాట నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో పలమనేరు వైపు ఒక రైతు గారి గుర్రాన్ని చూడమని పిలిచారు. ఎడమ పగ్గం తాకితే చాలు, తల విసిరేది. మొండితనమనే తీర్మానించి, తల ఎత్తకుండా కింది నుంచి తోలుపట్టీ బిగించమని నేనే చెప్పి వచ్చాను. మూడు నెలల తర్వాత నాకంటే పెద్దవారైన మరో వైద్యుడు ఆ గుర్రం నాలుకను మెల్లగా పక్కకు పట్టుకుని, టార్చిలైటు వేసి, నన్ను వంగి చూడమన్నారు. ఎడమ వైపు కింది దవడ పన్ను అంచు కత్తిలా లేచి ఉంది, దానికి ఎదురుగా నాలుక పక్కన వేలిగోరంత పుండు ఉంది. పగ్గం లాగిన ప్రతిసారీ నాలుక ఆ అంచుకు రాసుకునేది. ఆ పుండు మూడు నెలల పాటు మానకుండా ఉండడానికి కారణం నేనేనని తెలిసిన ఆ రోజును నేను మరచిపోలేదు. అంచు అరగదీసి, పుండు మానేవరకు కళ్లెం మాన్పించిన తర్వాత అదే గుర్రం రెండు వేళ్ల పట్టుకు ఎడమకు తిరిగింది.

కాబట్టి స్వారీ ఆపి, ముందు పరీక్ష చేయించండి. గుర్రం పై దవడ కింది దవడ కంటే వెడల్పుగా ఉంటుంది, అందువల్ల పై పళ్ల బయటి అంచులు, కింది పళ్ల లోపలి అంచులు సరిగా అరగక పదునెక్కుతాయి. పైవి బుగ్గను, కిందివి నాలుకను కోస్తాయి. మేత సగం నమిలి ముద్దలుగా బయటికి వదిలేస్తోందేమో గమనించండి. మీకు తిరుపతి ఎంతో దూరం లేదు. అక్కడి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో ఇప్పుడు భాగంగా ఉంది. పళ్లతో పాటు గిట్టలను, వీపును కూడా చూడమని అడగండి. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కించడం మరవకండి, లాడాలు వేయించినా ఆ గడువు మారదు.

జీను సంగతి మాత్రం మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. ఒక ఉదయం గౌరిని జీను వేసి, ఎవరూ ఎక్కకుండా, చెమట పట్టేదాకా తాడు మీద తిప్పండి. తర్వాత పట్టీ వదులు చేసి, జీనును ఈడ్వకుండా నేరుగా పైకెత్తి తీసి, ఆ వీపును తుడవకముందే చూడండి. వెన్నుకు రెండు వైపులా చెమట ఒకే తీరుగా పరుచుకుని ఉండాలి. చుట్టూ తడిసి మధ్యలో అరచేయంత మేర పొడిగా మిగిలితే జీను అక్కడ ఎక్కువగా నొక్కుతోందని అర్థం. అదే చోట కొన్ని తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటే, ఆ నొక్కుడు నిన్నటిది కాదు. ఆ తర్వాత నాలుగు వేళ్లు చదునుగా ఉంచి, వెన్నుకు కాస్త పక్కగా, మెడ మొదలు నుంచి నడుము దాకా నిదానంగా నొక్కుతూ వెళ్లండి. చర్మం ఒక్కసారి వణికినా పరవాలేదు, అదే చోట ప్రతిసారీ వీపు కిందికి దించినా, చెవులు వెనక్కి వేసి తోక విసిరినా అక్కడ నొప్పి ఉన్నట్టే. జీను చివర ఆఖరి పక్కటెముకను దాటి వెనక్కి పోకూడదు.

పట్టీ బిగించినప్పుడు కొరకబోవడానికి కడుపులో పుండ్లు కూడా ఒక కారణం కావచ్చు. గుర్రం జీర్ణాశయంలో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ ప్రాణి రోజంతా కొద్దికొద్దిగా మేస్తూ బతికేది. ముహూర్తాల రోజుల్లో సాయంత్రం అలంకరించి నిలబెట్టిన గుర్రం అర్ధరాత్రి వరకు ఖాళీ కడుపుతో నిలబడుతుంది. రెండు పూటలా ఉలవ గుగ్గిళ్లు పెట్టి మిగతా వేళ ఖాళీగా కట్టేయడం కూడా ఇంచుమించు అలాంటిదే. గుర్రం బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండుమేత రోజుకు అవసరం. మూడున్నర వందల కిలోల గుర్రానికి అది ఐదు నుంచి ఏడు కిలోలు. దాన్ని నాలుగైదు సార్లుగా వేయండి, స్వారీకి అరగంట ముందు ఒక పిడికెడు గడ్డి తప్పక తిననివ్వండి.

నొప్పి లేదని తేలిన తర్వాత, లేదా ఉన్నది నయమైన తర్వాత, శిక్షణ మొదలవుతుంది. ఇక్కడ గౌరి పాత జీవితాన్ని ఒక్కసారి ఊహించుకోవాలి. ఊరేగింపులో ఒకరు ముందు నుంచి కళ్లెం పట్టుకుని ఆపుతారు, అదే సమయంలో కాళ్ల దగ్గర బెత్తం తాకుతుంది, బ్యాండు మోగుతుంది, గుర్రం ఉన్నచోటనే కాళ్లు ఎత్తి వేస్తుంటే జనం చప్పట్లు కొడతారు. ఆ గుర్రం నేర్చుకున్న పాఠం ఏమిటంటే, పక్కల తగిలే దెబ్బకు అర్థం ముందుకు నడవడం కాదు, నిలబడి గంతులు వేయడం. మీరు గేటు దగ్గర మడమతో పొడిచినప్పుడు గౌరి మీ మాట కాదనడం లేదు, తనకు నేర్పిన పాఠాన్ని శ్రద్ధగా అప్పజెబుతోంది. పైగా అది ఎక్కడ పరుగెత్తుతుందో అని మీరు అదే క్షణంలో పగ్గాలు బిగించి ఉంటారు. మడమ పొమ్మంటుంది, పగ్గం ఆగమంటుంది, ఇక దానికి మిగిలిన దారి పైకే, అందుకే ముందు కాళ్లు లేస్తున్నాయి.

గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఆ ఒత్తిడి తొలగిన క్షణం వల్ల. ఈ ఒక్క సంగతి చేతులకు అలవాటైతే మిగతా శిక్షణంతా దాని వెంట వస్తుంది. నోట్లో ఇనుము లేని తలపట్టీ వేసి, పన్నెండు అడుగుల తాడు పట్టుకుని, గౌరి భుజం పక్కన నిలబడండి. తాడును కొంచెం ముందుకు పట్టి ఉంచండి, లాగవద్దు, కుదపవద్దు, అలా ఉంచండి. కాసేపటికి బరువు ముందు కాలి మీదికి మారుతుంది, గిట్ట ఇంకా లేవకపోవచ్చు, భుజం కండ మాత్రం కదులుతుంది. ఆ కదలిక కనిపించిన క్షణమే తాడు వదులు చేయండి. ఒక సెకను ఆలస్యమైనా మీరు మెచ్చుకున్నది ఆ అడుగును కాదు, దాని తర్వాత వచ్చిన మరేదో పనిని అవుతుంది. ఇదే పద్ధతిలో ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు పక్కకు, వెనుక కాళ్లను మీ నుంచి దూరంగా తిప్పడం నేర్పండి. పావుగంట చాలు, ఎండ ఎక్కకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. సరిగ్గా చేసిన ఒక అడుగు దగ్గర ఆపేయండి. ఇంకొకసారి చేయిద్దామన్న ఆశ మనకు కలుగుతుంది, అప్పటికే అలసిన గుర్రం తప్పు చేసి ఆ తప్పుతో పాఠం ముగుస్తుంది.

తాడు మీద ముందుకు, వెనక్కి, పక్కలకు తడబాటు లేకుండా కదులుతున్నప్పుడు, మెత్తని నున్నని కళ్లెంతో జీను ఎక్కండి. మొదట్లో ఒక మనిషి పక్కన నడుస్తూ తాడు మీద పాత పాఠమే చెప్పాలి, మీరు దానికి జతగా మీ పిక్కలతో చిన్నగా ఒత్తాలి. గౌరి అడుగు వేయగానే మీ పిక్కలు కూడా వదలాలి. నాలుగైదు రోజుల్లో తాడు అవసరం తగ్గుతుంది. పిక్క తాకుడు అంటే ముందుకు నడవడమని అప్పుడు దానికి కొత్త అర్థం దొరుకుతుంది.

గేటు దగ్గరికి నేరుగా వెళ్లి గొడవ పెట్టుకోవద్దు. గౌరి ఆగిపోయే చోటు గేటే కావచ్చు, ఆగాలన్న ఆలోచన మాత్రం దానికి చాలా ముందే వస్తుంది. మెడ కొంచెం పైకి లేస్తుంది, ఒక చెవి ఇంటి వైపు తిరుగుతుంది, ఊపిరి బిగుస్తుంది. ఆ గుర్తులు కనబడే చెట్టు ఏదో మొదటి రోజు గమనించి పెట్టుకోండి. మరుసటి రోజు ఆ చెట్టుకు రెండు అడుగుల ముందే మీరే ఆపి, మెడ నిమిరి, మీ నిర్ణయంతో వెనక్కి తిప్పండి. ఆ మరుసటి రోజు చెట్టు దాకా, తర్వాత చెట్టు దాటి. గేటు దాటిన రోజున అక్కడే దిగి, పట్టీ వదులు చేసి, పది నిమిషాలు గడ్డి మేపండి. ఇంటికి వచ్చాక వెంటనే జీను తీసి దాణా పెట్టే అలవాటు మానుకోండి, ఇంటి దగ్గర కూడా కాస్త పని చేయించండి. విశ్రాంతి అంతా ఇంట్లో, కష్టమంతా బయట ఉన్నంత కాలం ఏ ప్రాణి అయినా ఇంటి వైపే తిరుగుతుంది.

ముందు కాళ్లు లేపడాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు, గుర్రం వెనక్కి పడితే రౌతు దాని కింద ఉంటాడు. లేచినప్పుడు ముందుకు వంగి, పగ్గాలు పూర్తిగా వదిలి, జూలు పట్టుకోండి. కాళ్లు నేల తాకగానే ఒక పగ్గంతో పక్కకు తిప్పి నడిపించండి. ఒకసారి కంటే ఎక్కువ లేపితే ఆ రోజుకు దిగిపోయి నేల మీది పాఠానికి వెళ్లండి, ఆ తర్వాత అనుభవం ఉన్న శిక్షకుడు దగ్గర లేకుండా మళ్లీ ఎక్కవద్దు. హెల్మెట్ లేకుండా ఒక్కసారి కూడా ఎక్కవద్దు. ఇదంతా రెండు రోజుల పని కాదు, మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. మీ పెదనాన్న గారిని కూడా ఒక ఉదయం పిలిచి, గౌరి భుజం కండ కదిలే క్షణాన్ని చూపించండి. పెద్దవారి కన్ను అలాంటివి త్వరగా పట్టుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి వయసు పద్నాలుగేళ్లు. ఏడాదిగా స్వారీ నేర్చుకుంటోంది. నెల క్రితం గుర్రం బెదిరి పక్కకు దూకితే కింద పడింది. ఎముకలేమీ విరగలేదు. అయితే అప్పటి నుంచి అదే గుర్రం ఆమె ఎక్కితే ట్రాట్‌కు, అంటే నడక కంటే వేగమైన దుడుకు నడకకు, రాదు, మూలల దగ్గర ఆగిపోతుంది. శిక్షకుడు ఎక్కితే మాత్రం చక్కగా వెళుతుంది. భయపడే మనిషిని గుర్రం పసిగడుతుందని అంటారు, అది నిజమేనా? గుర్రాన్ని మార్చమని అడగాలా, స్వారీ మాన్పించాలా? (ఒక తల్లి, చిత్తూరు)

సమాధానం: అమ్మా, మాన్పించవద్దు. గుర్రాన్ని మార్చడం కూడా తొందరపడి చేయవద్దు, మంచి కుదురైన గుర్రమైతే ఆమెను నిలబెట్టేది అదే కావచ్చు.

మీరు విన్న మాట నిజమే. స్వీడన్‌లో జరిగి 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో, గుర్రాన్ని నడిపించే వారినీ ఎక్కి స్వారీ చేసే వారినీ ఒకే దారిలో నాలుగుసార్లు వెళ్లమన్నారు. నాలుగోసారి బయలుదేరే ముందు, ఈసారి దారిలో గొడుగు ఫట్టుమని తెరుస్తామని వాళ్లకు చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, ఏమీ తెలియని గుర్రాల గుండె వేగమూ పెరిగింది. నలుడికి అశ్వహృదయం తెలుసునని భారతంలో చదువుకున్నాం, రౌతు హృదయం గుర్రానికి తెలుస్తుందన్నది కూడా అంతే నిజం.

అయితే దీనిలో మాయ లేదు, అమ్మాయికి అదే చెప్పండి. భయం వేసినప్పుడు మనం ఊపిరి బిగబడతాం, తొడలతో జీనును గట్టిగా పట్టుకుంటాం, ముందుకు వంగుతాం, పిడికిళ్లు మూసుకుని పగ్గాలు కుదించుకుంటాం. ఈ నాలుగూ గుర్రానికి వీపు మీద నేరుగా తెలుస్తాయి, వాటిలో మూడింటికి అది నేర్చుకున్న అర్థం ఆగమనే. మీ అమ్మాయి కాలితో పొమ్మంటోంది, మిగతా ఒళ్లంతా ఆగమంటోంది. గుర్రం పాపం ఎక్కువ బలంగా వినిపించిన మాటను వింటోంది. ఆ గుర్రం ఆమెను లెక్కచేయడం లేదని దయచేసి ఎవరూ అనవద్దు, ఆ మాట ఆ వయసు పిల్లల మనసులో చాలా కాలం ఉండిపోతుంది.

శిక్షకుడితో మాట్లాడి, రెండు మూడు వారాల పాటు పొడవాటి తాడు మీద పాఠం చెప్పమని అడగండి. గుర్రం బాధ్యత శిక్షకుడి చేతిలో ఉంటుంది, అమ్మాయి చేతుల్లో పగ్గాలు ఉండవు, జీను ముందు భాగాన్ని గానీ జూలును గానీ పట్టుకుంటుంది. నడకలోనే ఆమె గిట్టల చప్పుడును పైకి లెక్కపెట్టాలి, ఒకటి రెండు మూడు నాలుగు అని, ఎందుకంటే గొంతు పలుకుతున్నంత సేపు ఊపిరి బిగబట్టడం కుదరదు. ట్రాట్‌లో ఆ లెక్క రెండుకు మారుతుంది. లెక్క తడబడిన చోట భయం ఉందని శిక్షకుడికి తెలిసిపోతుంది, అమ్మాయి నోరు విప్పి చెప్పుకోవలసిన పని కూడా ఉండదు.

ఎక్కడానికి ముందు పావుగంట గుర్రం దగ్గర గడపనివ్వండి. జూలు ముగిసి వీపు మొదలయ్యే చోట వేళ్లతో నెమ్మదిగా గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూశారు, గుర్రాలు ఒకదానికొకటి స్నేహంగా పళ్లతో గోక్కునేది కూడా అక్కడే. మెడ కిందికి దించి, కింది పెదవి వదులు చేసి, నిట్టూరుస్తుంది. మీరు కూడా అప్పుడు పక్కన ఉండి చూడండి. ఇంకొక ముఖ్యమైన సంగతి, పడినప్పుడు తలకు ఉన్న హెల్మెట్ నేలకు తగిలి ఉంటే పైకి పగులు కనిపించకపోయినా దాన్ని మార్చేయండి.

ప్రశ్న: తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవల ముందు నడిచే గుర్రాలను చూసి నాకూ గుర్రం పెంచాలనిపించింది. మూడేళ్ల మగ గుర్రపు పిల్లను తెచ్చుకున్నాను. ఆటో హారను మోగితే చాలు, తాడు తెంపుకుని పోతోంది. తిరునాళ్లలో జనం మధ్యకు నాలుగుసార్లు తీసుకువెళితే అదే అలవాటు పడుతుందని స్నేహితులు అంటున్నారు. అలా చేయవచ్చా? (ఒక పాఠకుడు, తిరుపతి)

సమాధానం: చేయవద్దు. తప్పించుకునే దారి లేని చోట బెదిరిన గుర్రం కొంతసేపటికి కదలకుండా నిలబడిపోవచ్చు. అది అలవాటు పడడం కాదు, ఆశ వదులుకోవడం. మరో రోజు మరో చోట ఆ భయం రెట్టింపుగా బయటికి వస్తుంది, అప్పుడు చుట్టూ పసిపిల్లలు ఉండవచ్చు.

గుర్రానికి తల కదపకుండానే చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ముందు కొంచెం మేర, తోక వెనుక కొంచెం మేర మాత్రమే కనిపించవు. వెనుక నుంచి వచ్చే హారను అందుకే అంత బెదిరిస్తుంది. మీ ఫోనులో హారను శబ్దం రికార్డు చేసి, అది మేత తింటున్నప్పుడు యాభై అడుగుల దూరంలో చాలా తక్కువ గొంతుతో వినిపించండి. చెవి అటు తిప్పి మళ్లీ మేతలో పడితే సరైన దూరంలో ఉన్నట్టు. మేత ఆపి తల ఎత్తితే మీరు తొందరపడ్డారు, ఇంకా దూరం జరగండి. రోజుకు కొంచెం దగ్గరగా, కొంచెం బిగ్గరగా వెళ్లండి. తర్వాత ఆగి ఉన్న ఆటోను, ఆ తర్వాత కదిలే ఆటోను, ఎప్పుడూ ముందు నుంచి కనిపించేలా చూపించండి. కుదురైన పెద్ద గుర్రం ఒకటి పక్కన ఉంటే సగం పని అదే చేస్తుంది, పిల్ల దాని చెవులను చూసి నేర్చుకుంటుంది.

ఈలోగా దాని వీపు మీద ఎక్కవద్దు. గుర్రం వెన్నెముకలో ఎదుగుదల పూర్తి కావడానికి ఐదారేళ్లు పడుతుంది. నాలుగో ఏడు వచ్చేవరకు తాడు మీద నడిపించి, ఆ తర్వాత పశువైద్యుడికి చూపించి, తేలికైన మనిషితో పది నిమిషాల చొప్పున స్వారీ మొదలుపెట్టించండి. ధనుర్వాతం టీకా ఇంకా వేయించకపోతే ఈ వారమే వేయించండి, తాడు తెంపుకుని పరుగెత్తే గుర్రానికి గాయాలు తప్పవు, ఆ జబ్బు గుర్రాలకు చాలా తేలికగా సోకుతుంది.